రైల్వే గేటు దాటాక

గురువారం పొద్దున పార్కులో మూడో చుట్టు తిరుగుతుండగా కండక్టరమ్మ మణికట్టుకున్న పట్టీ గట్టిగా ఒక్కసారి లాగినట్టయింది. ఒక లాగంటే ఆగమని. రెండు లాగులంటే పోనిమ్మని. బస్సులో గంట తాడుకి ఏ లెక్కో ఈ పట్టీకీ అదే లెక్క. ఆ లెక్క పెట్టింది కండక్టరమ్మే కాబట్టి ఆవిడకి ఆగక తప్పలేదు.

"ఏమైంది? రాయి తగిలిందా?"

"రాయి కాదక్కా, నువ్వే తగిలావు," అంది ఆపరేటరు, నడుం మీద చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటూ. "ఇందాక ఆ పెద్దాయన అడిగింది ఎవరి కళ్ల గురించి?"

"నీ కళ్ల గురించి."

"ఎవర్ని అడిగాడు?"

"నన్ను."

"మరి జవాబు ఎవరు చెప్పారు?"

కండక్టరమ్మ నాలుక కరుచుకుంది. పంతొమ్మిదేళ్లుగా బస్సులో ఎవరు ఎవర్ని ఏమడిగినా జవాబు తనే చెప్పడం ఆవిడకి అలవాటు. నోటికి బ్రేకులుండవు.

"వెలుతురు తెలుస్తుంది, మనుషులు తెలీరు అని నువ్వు చెప్పిందే చెప్పాను కదే."

"చెప్పింది తప్పని కాదు. నాకు కళ్లు లేవు గానీ నోరుంది. రోజుకి నాలుగొందల ఫోన్లు అందుకునే నోరు. అప్పుడప్పుడు దాన్ని కూడా వాడుకోనియ్యి." అని పట్టీని రెండుసార్లు లాగింది. ఇద్దరూ మళ్లీ కదిలారు.

ఆపరేటరు పెద్దాసుపత్రిలో టెలిఫోన్ల దగ్గర పనిచేస్తుంది. ముప్పై రెండేళ్లుంటాయి, సన్నగా, పొడుగ్గా, అడుగు వేస్తే చప్పుడు వినపడనంత తేలిగ్గా ఉంటుంది. కండక్టరమ్మకి నలభై ఐదు. ఆవిడ అడుగు పార్కు అవతలి గేటు దాకా వినపడుతుంది. నాలుగు నెలలుగా వారానికి నాలుగు రోజులు ఈ రెండు చేతులకీ మధ్య ఒకే పట్టీ. మొదట్లో బూటు లేసుతో కట్టుకునేవాళ్లు, అది చెమటకి మణికట్లని కోసేది. కండక్టరమ్మ తన పాత టికెట్ల సంచీకున్న తోలు పట్టీ కోసి, రెండు కొసలా ఉచ్చులు కుట్టించింది. ఏళ్ల తరబడి భుజం మీద అరిగిన తోలు, పసిపిల్ల చెవిలా మెత్తగా ఉండేది.

"ఎడమ పక్క వేరు పైకొచ్చింది. దాటావు. కుక్క పడుకుని ఉంది, మనకి దణ్ణం పెట్టదు, మనమే పక్కకి పోవాలి. మలుపు, మలుపు, అయింది," అంటూ కండక్టరమ్మ నోరు ఆడుతూనే ఉంది. ఆపరేటరు మొహంలో చిన్న నవ్వు, ఆ నవ్వుతోనే ఆమె పదకొండు కిలోమీటర్లు పరిగెత్తింది. పక్కనే పరిగెడుతూ ఆ అడుగుల తీరు చూస్తుంటే కండక్టరమ్మకి ఎప్పుడూ ఆశ్చర్యమే. కనిపించని నేల మీద, ఎవరో చెప్పిన మాట మీద అంత బరువూ మోపి పరిగెత్తాలంటే గుండె ఎంత గట్టిదై ఉండాలి! తనైతే కళ్లకి గంతలు కట్టుకుని పదడుగులు కూడా వెయ్యలేదు. ఇంట్లో ఒకసారి ప్రయత్నించి మంచం కోడుకి కాలి వేలు కొట్టుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

*

శనివారం, మర్నాటి మారథాన్ పరుగుకి నంబర్లు ఇచ్చే చోట జనం తిరునాళ్లలా ఉన్నారు. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి కాగితాలు తిరగేసి, కండక్టరమ్మ వైపు చూసి అడిగింది.

"ఆవిడ పోయినేడు పరుగు పూర్తిచేశారా మేడమ్?"

కండక్టరమ్మ నోరు తెరిచింది. తెరిచి, మూసింది. మూయడానికి ఎంత కష్టపడిందో పక్కనున్న ఆపరేటరుకి వినిపించినట్టుంది, పెదాలు బిగించి నవ్వు ఆపుకుంది.

"పూర్తిచేశాను," అంది ఆపరేటరు. "ఐదు గంటల నలభై నిమిషాలు. మీ జాబితాలో మాత్రం గీత ఉంటుంది, చూడండి."

అమ్మాయి చూసింది. పేరు ఉంది. టైము ఉండాల్సిన చోట గీత ఉంది.

ఆ గీత సంగతి కండక్టరమ్మకి తెలుసు. పోయినేడు ఆపరేటరుకి గైడుగా వెళ్లినవాడు నలభై రెండు కిలోమీటర్లూ బుద్ధిగానే పరిగెత్తాడు. చివర్న స్టేడియంలో కెమెరాలు కనపడేసరికి ఒళ్లు మరిచి, రెండు చేతులూ పైకెత్తి, ఆమె కంటే ఒక అడుగు ముందు గీత దాటాడు. గైడు ముందు దాటితే పరిగెత్తినవాళ్ల పరుగు చెల్లదు. అది రూలు. మర్నాడు పేపర్లో అతని ఫొటో వచ్చింది, 'చీకటిలో దారి చూపిన చెయ్యి' అని. ఆమె ఫొటోలో సగమే ఉంది. ఆ సగం కూడా భుజం.

"రూలు మంచిదేలే అక్కా, లేకపోతే మమ్మల్ని గొర్రెల్లా ఈడ్చుకుపోతారు," అంది ఆపరేటరు బయటికొచ్చాక. "కానీ తప్పు చేసింది అతను, గీత పడింది నాకు. నాకు పతకం అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు. ఆ జాబితాలో నా పేరు పక్కన నా టైము ఉండాలి. అంతే."

"ఉంటుంది," అంది కండక్టరమ్మ. "నేను గీతకి రెండడుగులు వెనకే ఉంటాను. ఒట్టు."

అప్పుడే గోడ మీద అంటించిన పటం ఆవిడ కంట పడింది. ఎక్కడో పైపుల కోసం రోడ్డు తవ్వారని చివరి పన్నెండు కిలోమీటర్ల దారి మార్చారు. పాత జైలు మీదుగా రైల్వే గేటు, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రి, ఆపైన స్టేడియం. కండక్టరమ్మ ప్రాణం లేచొచ్చింది.

"ఇది మా రూటే! కళ్లు మూసుకుని చెప్పేస్తాను!" అనేసి, ఏమన్నదో తెలిసి గతుక్కుమంది.

"చెప్పు, చెప్పు. నేను ఎప్పుడూ మూసుకునే వింటున్నాగా," అని ఆపరేటరు పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, "రైల్వే గేటు దాటాక రోడ్డు ఎక్కుతుంది కదక్కా? అది కాస్త చూసుకోవాలి," అంది.

"ఎక్కడమా? ఎక్కడ? ఆ రోడ్డు చాప పరిచినట్టుంటుంది."

"నేను రోజూ గేటు దగ్గర దిగి ఆసుపత్రి దాకా నడుస్తాను. బస్సులో అక్కడిదాకా వెళ్తే నేనెక్కడ దిగాలో నన్ను తప్ప అందర్నీ అడుగుతారని. పిక్కలకి తెలుస్తుంది..."

"పంతొమ్మిదేళ్లు తిరిగాను ఆ రోడ్డు మీద, రోజుకి ఎనిమిదిసార్లు! నాకు తెలీదా? పొద్దున్నే డ్యూటీకి వెళ్తావు కదా, నిద్ర బరువుకి నీకలా అనిపిస్తుంది. ముప్పయ్యో కిలోమీటరు దాటితే మనం ఒడ్డున పడ్డట్టే."

ఆపరేటరు "సరే, నువ్వు చూసినదానివి," అంది. ఆ మాటలో ఏదో తగ్గిన చప్పుడు కండక్టరమ్మకి వినపడాల్సింది. పటంలో తన రూటు చూసుకునే సంబరంలో వినపడలేదు.

*

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి ఆరువేల మంది ఒక్కసారి కదిలారు. ఆరువేల జతల బూట్లు రోడ్డు మీద పడుతుంటే, వాన మొదలైనట్టుందని ఆపరేటరు అంది. పదకొండింటికల్లా స్టేడియంలో గీత దాటాలి. ఆరు గంటలు. ఆ తర్వాత గడియారం ఆపేస్తారు. అందరికంటే వెనక ఒక బస్సు ఆ ఆరు గంటల లెక్కకి సరిగ్గా నడుస్తూ వస్తుంది, అది ఎవర్ని అందుకుంటే వాళ్లు అందులో ఎక్కెయ్యాలి. పరిగెత్తేవాళ్లు దానికి చీపురు బండి అని పేరు పెట్టుకున్నారు.

కండక్టరమ్మ చెప్పుకుంటూ పోయింది. "మన ముందు ఒకాయన ఉన్నాడు, డెబ్భై ఏళ్లుంటాయి, మోకాలికి పట్టీ, వీపు మీద 'నన్ను దాటితే నమస్కారం పెట్టి దాటండి' అని రాసుకున్నాడు."

ఆపరేటరు దాటుతూ నిజంగానే చెయ్యెత్తి నమస్కారం పెట్టింది. "దీర్ఘాయుష్మతీ భవ! నన్ను దాటినందుకు కాదు, నమస్కారానికి," అని వెనకనుంచి వినపడింది.

ఒక తల్లీ కూతురూ వంతులవారీగా ఒకర్నొకరు తిట్టుకుంటూ పరిగెత్తారు. తల్లి కూర్చుంటానంటే కూతురు, కూతురు కూర్చుంటానంటే తల్లి. ఒక లావుపాటి మనిషి ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఏడుస్తూ పరిగెత్తుతున్నాడు, అడిగితే, "ఏం లేదండీ, బాగుంది," అన్నాడు. ఎవరూ ఎవరికీ ఏమీ కారు, అయినా అరటిపండు సగం విరిచి ఇస్తున్నారు, పడబోయినవాడి మోచెయ్యి పట్టుకుంటున్నారు. రోజూ కిటికీ పక్క సీటు కోసం జుట్లు పట్టుకునే ఊరు ఇదేనా అని కండక్టరమ్మకి అనుమానం వచ్చింది.

ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఆవిడ గడియారం చూసుకుంది. పరుగు మొదలై నాలుగు గంటల పద్నాలుగు నిమిషాలు. చీపురు బండి కంటే ముందున్నారు గానీ మరీ నిశ్చింతగా ఉండేంత కాదు.

"మా రూటు వచ్చేసింది. ఇక్కణ్ణుంచి చదునే, కాస్త తొయ్యి," అంది.

ఆపరేటరు మారు మాట్లాడకుండా వేగం పెంచింది. పాత జైలు, సినిమా హాలు, గడియార స్తంభం, ఒక్కో స్టాపూ కేక వేస్తూ కండక్టరమ్మ గాల్లో తేలిపోయింది. తన రోడ్డు, తన జనం! బస్టాపుల్లో నిలబడ్డవాళ్లు గుర్తుపట్టి, "కండక్టరమ్మా, టికెట్టు తీసుకున్నావా?" అని అరిచారు. ముప్పై తొమ్మిదో కిలోమీటరు దగ్గర రైల్వే గేటు దాటేసరికి ఐదు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలు. ఉన్నది మూడు కిలోమీటర్లు, చేతిలో అరగంట పైన. అయిపోయిందనుకుంది.

గేటు దాటిన రెండు నిమిషాలకి రోడ్డు ఆవిడ తొడలకి తెలియడం మొదలైంది. కళ్లకి చదునుగానే ఉంది. కాళ్లకి కాదు. ముందుకి వంగితే తప్ప అడుగు పడటంలేదు. ఇంకో నాలుగడుగులు వేసేసరికి ఎడమ పిక్క రాయిలా బిగుసుకుని, ఆవిడ రోడ్డు పక్క గట్టు మీద కూలబడింది. పట్టీ ఒక్క లాగు లాగింది.

"పిక్క పట్టేసింది," అంది పళ్ల బిగువున. "నువ్వు చెప్పావు. ఎక్కుతుందని చెప్పావు. నేను వినలేదు."

"తిట్టడానికి ఇప్పుడు టైము లేదక్కా, రేపు తిడతాను. ఏ కాలు?"

ఆపరేటరు మోకాళ్ల మీద కూర్చుని, తడుముకుని పిక్క పట్టుకుంది. ఒక చేత్తో బూటు కొసని వెనక్కి వంచి, ఇంకో చేతి బొటనవేలితో పిక్కని నెమ్మదిగా పైకి నొక్కుతూ పోయింది. కండక్టరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, సగం నొప్పికి, సగం సిగ్గుకి. తను ఈ రోడ్డు మీద పంతొమ్మిదేళ్లు నిలబడి తిరిగింది. నడిచింది ఎప్పుడు? ఎక్కింది బస్సు, తను కాదు. కళ్లున్నాయి కదా అని, రోజూ కాళ్లతో కొలిచిన మనిషి మాట తీసి పక్కన పెట్టింది. ఆ బల్ల దగ్గరి అమ్మాయికీ తనకీ తేడా ఏముంది?

వెనకనుంచి బస్సు వచ్చి పక్కన ఆగింది. చీపురు బండి. నడుపుతున్నది ఎవరో కాదు, రోజూ ఆవిడ ఎక్కే బస్సు డ్రైవరే.

"రూలు ప్రకారం అడగాలి, అడుగుతున్నాను కండక్టరమ్మా," అన్నాడు తల బయటపెట్టి, మొహం చిన్నబుచ్చుకుని. "ఎక్కుతారా?"

గైడు లేకుండా ఆపరేటరు పరిగెత్తడానికి లేదు. పట్టీ వదిలితే పరుగు చెల్లదు. తను ఎక్కితే జాబితాలో మళ్లీ గీతే. ఎక్కనంటే, ఈ కాలు మీద ఆ పిల్ల టైమంతా తనే తినేస్తుంది. కండక్టరమ్మ అలవాటుగా నోరు తెరిచింది. ఆగింది.

"నన్ను కాదన్నా," అంది. "ఆవిణ్ణి అడుగు."

"ఎక్కం," అంది ఆపరేటరు, పిక్క మీంచి చెయ్యి తియ్యకుండానే. "టైమెంత?"

"ఐదూ ముప్పై ఆరు. ఇరవై నాలుగు నిమిషాలున్నాయి."

"గేటు నుంచి ఆసుపత్రి దాకా రెండువేల అరవై అడుగులు. మనం ఐదొందల చిల్లర వచ్చాం. పంపు హౌసు మోత వినపడేదాకా ఎత్తు, తర్వాత వందడుగులు చదును, మళ్లీ ఆసుపత్రి దాకా ఎత్తు. అక్కణ్ణుంచి స్టేడియం దాకా దిగుడు. ఆ ఎత్తు ఎక్కామంటే పరుగు మనదే. లే అక్కా. నువ్వు గుంతలు చెప్పు చాలు. రోడ్డు నేను చెప్తాను."

కండక్టరమ్మ లేచింది. కాలు నేల మీద పెడితే ప్రాణం పోయినంత పనైంది. "పెట్టలేనే," అనబోయింది.

ఆపరేటరు పట్టీని రెండుసార్లు లాగింది.

ఆ లెక్క ఆవిడ పెట్టిందే. బండి కదలాలి.

"చిన్న అడుగులు. మడమ ఆనించకు. ముందుకి వంగు. ఒకటి, రెండు," అంటూ ఆపరేటరు అరడుగు ముందు నడుస్తూ, ఆ తర్వాత మెల్లగా పరుగులోకి మారింది. పట్టీ బిగిసి ఉంది. ఈసారి లాగుతున్నది ఆమె. కండక్టరమ్మ కుంటుతూ, మూలుగుతూ, "కుడి పక్క మూత, ఇనప మూత" అని అందిస్తూ వెనకే కదిలింది. బస్సు వాళ్ల వెనక పదడుగుల దూరంలో, హారను కొట్టకుండా పాకుతోంది.

"ఈ రోడ్డు సెకండు గేర్లో తప్ప ఎక్కదు," అని డ్రైవరు అరవడం వినపడింది. "పంతొమ్మిదేళ్లుగా నీకు తెలీదా కండక్టరమ్మా?"

"నువ్వెప్పుడైనా చెప్పి చచ్చావా!"

"నువ్వెప్పుడైనా మాట్లాడనిచ్చావా!"

బస్సులో కూర్చున్న అలసిన మనుషులు కూడా నవ్వారు. సైకిలు మీద ఒక పసుపు టోపీ ఆయన పక్కకి వచ్చాడు. పరుగుల జడ్జి. పట్టీ వంక చూసి, కనుబొమలు ముడిచి, ఒంటి చేత్తో హ్యాండిలు పట్టుకుని జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఆయన రెండు పేజీలు తిరగేసి, మళ్లీ వెనక్కి తిరగేసి, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

"గైడు లాగకూడదని ఉందమ్మా," అన్నాడు. "గైడుని లాగకూడదని ఎక్కడా లేదు. కానివ్వండి."

పంపు హౌసు మోత వచ్చింది. చదును వచ్చింది, సరిగ్గా వందడుగులు. మళ్లీ ఎత్తు. ఆపరేటరు మెడ నరాలు తాళ్లలా తేలాయి, చొక్కా వీపుకి అంటుకుపోయింది, అయినా లెక్క తప్పలేదు. పదమూడొందలు, పద్నాలుగొందలు. ఆమెని వెనకనుంచి చూస్తూ, ఇంత సన్నటి మనిషిలో ఇంత బలం ఎక్కడుందా అని కండక్టరమ్మ నొప్పి మర్చిపోయి చూసింది. తను నాలుగు నెలలుగా ఈ అమ్మాయిని తీసుకెళ్తున్నాననుకుంది. పిచ్చి మొహం, తీసుకెళ్లడం అంటే ఇది!

ఆసుపత్రి గేటు ముందు ఆయాలు, నర్సులు, లిఫ్టు తిప్పేవాడు, ఆఖరికి చేతికి సూది గుచ్చిన పట్టీతో ఒక రోగి కూడా నిలబడి ఉన్నారు. రోజంతా ఆమె అందరికీ చెప్పే మాటే ఆమెకి కేకలేసి చెప్పారు.

"లైన్లో ఉండండీ! లైన్లో ఉండండీ!"

ఆపరేటరు నవ్వింది. ఆ నవ్వుతోనే ఎత్తు అయిపోయింది.

"పదమూడు నిమిషాలున్నాయి," అంది కండక్టరమ్మ.

"దిగుడక్కా. కాలు వదిలెయ్యి. నీ బరువే నిన్ను తీసుకెళ్తుంది."

"ఇన్నాళ్లకి నా బరువు పనికొచ్చింది."

దిగుడులో ఇద్దరూ పక్కపక్కకి వచ్చారు. స్టేడియం గేటు, మలుపు, మెత్తటి ఎర్రటి నేల. జనం హోరు. ఎదురుగా పెద్ద గడియారం, ఐదూ యాభై ఎనిమిది. కెమెరాలు వరసగా ఉన్నాయి. కండక్టరమ్మ వాటి వంక చూడలేదు. ఆవిడ చూపంతా నేల మీద తెల్లగా పరిచిన గీత మీదే.

"ఇరవై అడుగులు. నేరుగా. ఎదురుగా ఏమీ లేదు, ఎవరూ లేరు. నేను వెనకున్నాను," అని చెప్పి రెండడుగులు తగ్గింది, పట్టీ నిండా సాగేదాకా. ఆపరేటరు తల పైకెత్తి, ఒంటరిగా, ఖాళీ దారిలో గీత దాటింది. ఆ తర్వాతే కుంటి కాలు ఈడ్చుకుంటూ కండక్టరమ్మ దాటింది.

ఆవిడ నేల మీద వెల్లకిలా పడిపోయింది. ఒక వాలంటీరు అమ్మాయి పరుగున వచ్చి, పడి ఉన్న ఆవిణ్ణీ నిలబడి ఉన్న ఆపరేటరునీ చూసి, ఆపరేటరుని అడిగింది.

"మేడమ్, ఆవిడకి నీళ్లు కావాలా?"

ఆపరేటరు రొప్పుతూ కిందికి వంగింది. "అక్కా, నిన్నే. కావాలా?"

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి కండక్టరమ్మకి నోట మాట రాలేదు. తల ఊపింది. ఊపితే ఆ పిల్లకి కనపడదని గుర్తొచ్చి, పట్టీని రెండుసార్లు లాగింది.

*

సోమవారం ఉదయం కండక్టరమ్మ కాళ్లు రెండు స్తంభాల్లా ఉన్నా డ్యూటీకి వచ్చింది. సంచీలో పేపరు ముక్క ఉంది. రైల్వే గేటు దగ్గర ఎప్పుడూ దిగే ఆపరేటరు ఇవాళ దిగలేదు. తలుపు పక్క కమ్మీ పట్టుకుని నిలబడి, "నడవలేనక్కా, ఇవాళ ఆసుపత్రి దాకా వస్తాను," అంది.

"రా, రా. ముందు ఇది విను." కండక్టరమ్మ పేపరు ముక్క తీసి, స్టాపుల పేర్లు కేకవేసే గొంతుతోనే చదివింది. నంబరు, పేరు, ఆ పక్కన, "ఐదు గంటల యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు."

బస్సంతా తలలు తిరిగాయి. ఆపరేటరు కమ్మీ మీద వేళ్లు బిగించింది.

"మళ్లీ చదువు."

చదివింది.

"గీత లేదు కదా?"

"గీత లేదు. అంకెలే."

ఆపరేటరు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ముందు సీట్లో పెద్దావిడ చప్పున లేచి చోటిచ్చి, కండక్టరమ్మ చెవి దగ్గరకి వచ్చి మెల్లగా అడిగింది.

"పాపం, ఈ అమ్మాయి ఎక్కడ దిగాలమ్మా?"

"ఆవిణ్ణే అడగండి," అంది కండక్టరమ్మ. "ఈ రోడ్డు నాకంటే ఆవిడకే బాగా తెలుసు."

పెద్దావిడ తడబడి, ఆపరేటరు వైపు తిరిగి అడిగింది. ఆపరేటరు చెప్పింది, ఆసుపత్రి అని, థాంక్సండీ అని, కూర్చోనక్కర్లేదు కూర్చుంటే మళ్లీ లేవలేనని. గేటు దగ్గర ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు. కండక్టరమ్మ గంట తాడు అందుకోబోయి ఆగింది. ఆపరేటరు చెయ్యి పట్టుకుని, పైకెత్తి, తాడు ఆ చేతిలో పెట్టింది.

ఆపరేటరు ఒక క్షణం తడిమి చూసుకుంది. తర్వాత రెండుసార్లు లాగింది.

గంట ఎవరి చెయ్యి కొట్టిందో డ్రైవరుకి తెలీదు. బస్సు కదిలి, సెకండు గేర్లో ఎక్కడం మొదలుపెట్టింది.